బానెట్ మూసి ఉన్నప్పుడు

టైపు మేడమ్ కారు మా షెడ్డుకి రావడం అది నాలుగోసారి. అంతకుముందు మూడుసార్లూ మావయ్య బానెట్ ఎత్తి, ఇంజను నడిపించి, తల వంచి విని, "ఏమీ లేదు మేడమ్, పట్టులా ఉంది" అని పంపేశాడు. మూడుసార్లూ ఆమె వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

నాలుగోసారి ఆమె కారు దిగలేదు. అద్దం దించి, "నేను చెప్పేది మీరు నమ్మట్లేదు" అంది.

"నమ్మకేం మేడమ్. బండి చెప్పట్లేదు కదా."

"నాకు చెబుతోంది. మీకే చెప్పట్లేదు."

ఆమె పక్క వీధిలో ముప్పై ఏళ్లు టైపు నేర్పింది. ఇరవై మిషన్లు ఒకేసారి టకటకలాడుతుంటే ఏ వరసలో ఎవరు అక్షరం మింగేశారో తల తిప్పకుండా చెప్పేదట. ఇప్పుడు ఆ స్కూలు లేదు, కారు మిగిలింది. ఆ కారుకీ దాదాపు స్కూలంత వయసుంది.

"నాలుగు దెబ్బల్లో ఒకటి పోతోంది" అని స్టీరింగు మీద వేళ్లతో కొట్టి చూపించింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్లీ మూడు దెబ్బలు, ఖాళీ. "ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ. ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగినా వస్తుంది. ఒక్కోసారి రోజంతా ఉండదు."

మావయ్య నవ్వాడు.

ఆమె కారు దిగి తాళం నా చేతిలో పెట్టింది, ఆయన చేతిలో కాదు. "రేపు సాయంత్రం వస్తా. మనిద్దరిలో ఎవరిదో ఒకరి చెవి పోయింది. అదేదో తేల్చండి. నాదే అయితే చెప్పండి, డాక్టరుకి చూపించుకుంటా."

ఆ మాట ఆమె సరదాగానే అంది. మావయ్యకి మాత్రం అది సరదా కాదు. ఆయన పేరంతా చెవి మీదే నిలిచింది. వీధి మలుపు తిరిగే బండి శబ్దం విని దానికేం రోగమో చెప్పే మనిషని ఊళ్లో అంటారు. "ఈ షెడ్డు నడిచేది నా చేతుల మీద కాదు, ఈ రెంటి మీద" అని ఆయన చెవులు పట్టుకుని చూపించేవాడు. "ఇవి పోయిన రోజు తాళం వేసేస్తా. ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచను." ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. సిగరెట్టు కూడా అలాగే ఒక్క రోజులో మానేశాడు.

నేను ఆయన దగ్గర పనిలో చేరి రెండేళ్లయింది. మా అమ్మకి ఆయన స్వయానా అన్న. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటర్ విప్పి కడగడం ఆయనే నేర్పాడు. వినడం మాత్రం నేర్పలేదు. అది నేర్పితే వచ్చేది కాదనేవాడు.

అసలు నా మనసులో గందరగోళం అంతకు ముందు వారం నుంచే ఉంది. మేడమ్ మూడోసారి వచ్చినప్పుడు ముగ్గురం కలిసి కారులో నీళ్ల ట్యాంకు వైపు ఎత్తు ఎక్కాం. ఆమె నడుపుతోంది, మావయ్య ముందు సీట్లో, నేను వెనక. సగం ఎక్కాక కారు ఒళ్లు జలదరించినట్టు ఊగింది. మూడు దెబ్బలు, ఖాళీ. మేడమ్ చటుక్కున మావయ్య వైపు చూసింది. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "చూశారా, ఎంత హాయిగా ఎక్కుతోందో" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. వెనక తలుపు వదులైందేమో, ఆ కొట్టుకోవడమే నాకు అలా వినిపించిందేమో అనుకున్నాను. నలభై ఏళ్ల చెవి ఒకవైపు, రెండేళ్ల చెవి ఇంకోవైపు. ఏది నమ్మాలి?

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. మావయ్య బానెట్ ఎత్తి కర్ర ఆనించాడు. కొత్త ప్లగ్గులు వేశాడు. పాయింట్లు గీకి సర్దాడు. కార్బురేటర్ నేను కడిగాను. కాయిల్ మార్చి చూశాడు. ప్రతి పనికీ ముందొకసారి, తర్వాత ఒకసారి ఇంజను నడిపించి విన్నాడు. నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. ఎక్కడా ఖాళీ లేదు.

"నీకేమైనా వినిపించిందా అమ్మడూ?"

"లేదు మావయ్యా."

అది నిజమే. ఆయన ముఖం తేటపడింది. నాకు మాత్రం తల ఇంకా తిరిగిపోయింది. రోగమే లేకపోతే ఎత్తు మీద ఊగిందేమిటి? రోగం ఉంటే ఇప్పుడెక్కడ దాక్కుంది?

షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. అత్తయ్య వంటింటి కిటికీలోంచి భోజనానికి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి గరిటెతో కిటికీ చువ్వ మీద కొట్టింది. మావయ్య ప్లగ్గు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"చెవినిల్లు కట్టుకుని చెప్పినా ఇంతే" అంది నాతో. "కుళాయి కారుతోందని నెల నుంచీ మొత్తుకుంటున్నా. ఇంజను మూలిగితే వినిపిస్తుంది గానీ, పెళ్లాం మూలిగితే..." అని అక్కడితో ఆపేసింది. గరిటె కిందకి దించి నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. నేను వెళ్లి మావయ్య భుజం తట్టాను.

ఆయన తింటుంటే, కారు మీద ఎండ పడుతోందని నీడలోకి జరుపుదామనుకున్నాను. కర్ర తీసి బానెట్ మూసి, ఇంజను స్టార్ట్ చేసి వెనక్కి తీశాను. గోడ పక్కన ఆపాను. ఆపీ ఆపకముందే కారు జలదరించింది. మూడు దెబ్బలు, ఖాళీ. అద్దానికి వేలాడుతున్న మేడమ్ కళ్లజోడు సంచీ కూడా ఊగింది.

ఇంజను ఆపకుండానే పరుగున దిగి బానెట్ ఎత్తాను. డాక్టరు ముఖం చూడగానే నొప్పి తగ్గినట్టు, ఇంజను పట్టులా ఆడుతోంది. మూశాను. కాసేపటికి మళ్లీ ఊగింది. ఎత్తాను. పోయింది. ఐదారుసార్లు ఎత్తి మూశాను. నాకు మతి గానీ చలించిందా అనిపించింది. చూస్తున్నప్పుడు బుద్ధిగా ఉండి, చూడనప్పుడు అల్లరి చేయడానికి అదేమైనా బడిపిల్లాడా?

మావయ్య చెయ్యి కడుక్కుని వచ్చాడు. నేను ఏమీ చెప్పకముందే బానెట్ ఎత్తాడు.

"ఎత్తకు మావయ్యా. మూసి ఉన్నప్పుడే వస్తోంది."

"మూసి ఏం చూస్తాం? మూత పెట్టి కూరలో ఉప్పు చూస్తామా?"

"చూడనక్కర్లేదు, విను చాలు" అనబోయి ఆగాను. ఎందుకు ఆగానో అప్పుడు నాకే స్పష్టంగా తెలియదు. ఇంజను ఆపేసి, టార్చి తీసుకుని, ఇంజను వైపు కాకుండా ఎత్తిన బానెట్ లోపలి వైపు చూడటం మొదలుపెట్టాను. అక్కడ ఎవరూ చూడరు. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మూ నూనే మందంగా ఉన్నాయి. అడ్డంగా వెళ్లే రేకు అంచు దగ్గర, ఆ మసిలో వేలెడు పొడుగున ఒక శుభ్రమైన గీత ఉంది. ఏదో అక్కడ రోజూ రాసుకుంటున్నట్టు.

"మావయ్యా, దీనికి ఏం తగులుతోంది?"

ఆయన గీత చూశాడు, కింద ఇంజను చూశాడు. ఇక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. చెయ్యి తిన్నగా మూడో ప్లగ్గు వైరు మీదకి వెళ్లింది. వైర్లన్నిటినీ కలిపి పట్టి ఉంచే క్లిప్పులోంచి ఆ ఒక్కటీ బయటికి వచ్చి విల్లులా పైకి లేచి ఉంది. బానెట్ మూస్తే రేకు దాన్ని కిందకి నొక్కుతుంది, అది పక్కనున్న ఇనప పట్టీకి ఆనుకుంటుంది. అక్కడ రబ్బరు అరిగి వెంట్రుకంత చీలింది. ప్లగ్గుకి పోవాల్సిన నిప్పు ఆ చీలికలోంచి ఇనుముకి పోతోంది. ఇంజను వేడెక్కి, బరువు మీద పక్కకి వంగినప్పుడు మరీ. బానెట్ ఎత్తగానే వైరు పైకి లేచిపోతుంది, రోగం మాయం.

"వెతకడానికి తలుపు తీస్తే చాలు, దొంగ పెద్దమనిషైపోతున్నాడు" అన్నాడు మావయ్య. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను. కొత్త వైరు వేసి, క్లిప్పులో బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

తర్వాత ఆ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆ పాత వైరు మళ్లీ పెట్టు" అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టు. ఎలా ఉండేదో అలాగే పెట్టి, బానెట్ మూసి స్టార్ట్ చెయ్యి."

పెట్టాను. మూశాను. కారులో కూర్చుని స్టార్ట్ చేశాను. ఆయన ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. రెండు నిమిషాలకి మొదలైంది. ఈసారి గట్టిగా. సీటు ఊగుతోంది, నా చెయ్యి ఊగుతోంది. అద్దంలోంచి ఆయన్ని చూస్తున్నాను. ఆయన తల కొంచెం పక్కకి వంచాడు, ఇంకో పక్కకి వంచాడు. పక్క నుంచి వచ్చి చెవి బానెట్‌కి దగ్గరగా పెట్టాడు. కళ్లు తెరవలేదు.

"ఇప్పుడు వస్తోందా?" అని అడిగాడు.

లేదని చెబితే సరిపోతుంది. వైరు దొరికింది, మేడమ్ సంతోషిస్తుంది, షెడ్డు ఉంటుంది. ఉందని చెబితే ఆయన ఇన్నాళ్లూ అంటూ వచ్చిన మాట ఆయన మీదే పడుతుంది. కానీ మేడమ్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ అబద్ధాలకోరులా తిరిగి వెళ్లింది కదా అనిపించింది.

"వస్తోంది మావయ్యా" అన్నాను.

ఆయన వినలేదనుకుంటా. కళ్లు తెరిచి నా పెదవుల వైపు చూశాడు. నేను మళ్లీ అనలేదు, తల ఊపాను.

ఆయన కారు వెనక్కి వెళ్లాడు. అద్దంలో చూస్తే, వంగి సైలెన్సర్ గొట్టం ముందు అరచెయ్యి పట్టి ఉన్నాడు. గాలి దెబ్బలు చేతికి తగులుతున్నాయి. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ చేతి వేళ్లు దెబ్బ దెబ్బకీ కదిలి, నాలుగోదానికి ఆగేవి. ఆయన లెక్కపెడుతున్నాడో, ఇంకేదైనా ఆలోచిస్తున్నాడో తెలియదు.

సాయంత్రం మేడమ్ వచ్చింది. కొత్త వైరు ఆయనే వేసి ఉంచాడు. పాత వైరు చూపించి, చీలిక చూపించి, "మీ చెవి బాగుంది మేడమ్" అన్నాడు.

"మరి మీది?" అంది ఆమె నవ్వుతూ.

ఆయన తాళం ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. వినిపించక ఊరుకున్నాడో, వినిపించి ఊరుకున్నాడో ఆమెకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. "కోపం వచ్చిందా?" అని ఆమె నన్నడిగింది. నేను తెలియదన్నాను. కారు ఎత్తు వైపు మళ్లి వెళ్లింది. నాలుగు దెబ్బలూ వినిపించాయి.

ఆ రాత్రి నేనూ వాళ్లింట్లోనే తిన్నాను. అత్తయ్య ఆయన పళ్లెంలో అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించింది.

మర్నాడు నేను వెళ్లేసరికి షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. తీస్తున్నాడో మూస్తున్నాడో అర్థం కాలేదు. బయట బల్ల మీద ఒక ఆటో ఆయన కూర్చుని ఉన్నాడు. వంగి లోపలికి వెళ్లాను. మావయ్య పానాలు సైజుల వారీగా డబ్బాలో సర్దుతున్నాడు. సర్దడం ఎప్పుడూ నా పని.

"షెడ్డు మూస్తున్నావా మావయ్యా?" అన్నాను. పలకలేదు. ఎదురుగా వెళ్లి మళ్లీ అడిగాను.

"రాత్రంతా అదే ఆలోచించా" అన్నాడు. "అన్న మాట అన్నదే కదా. పొద్దున్నే తాళం వేద్దామనే వచ్చా. ఈలోపు వాడొచ్చి కూర్చున్నాడు." పానా ఒకటి ఎత్తి, ఏ గడిలో పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. "ఇంజనులో ఏదో శబ్దం అంటున్నాడు. ఏం శబ్దమో రెండుసార్లు చెప్పాడు. నాకు సగమే వినపడింది. మూడోసారి అడగడానికి సిగ్గేసింది."

పానా నా చేతికిచ్చాడు.

"నువ్వెళ్లి విను. నేను చెయ్యి పెట్టి చూస్తా. ఆ తర్వాత సంగతి ఏమిటో నాకూ తెలీదు."

నేను షట్టరు కింద నుంచి వంగి ఆటో దగ్గరికి వెళ్లాను.