మొగిలి పుట్టిల్లు

కోడుమూరులో సోమక్క ఇంటి కుక్కలను డాక్టర్లు టెర్రియర్లంటారు. వీధిలో వాళ్లకు అవి ఎలుక్కుక్కలు. మోకాలి ఎత్తు కూడా ఉండవు. గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు నూలును ఎలుకలు కొరికి పారేస్తే నేతగాడి కష్టం మట్టిపాలే. అందుకే సోమక్క మామ ఒకప్పుడు డోన్ రైల్వే బంగళాలో ఎవరినో బతిమాలి ఒక జంటను తెచ్చి మగ్గం గుంత పక్కన కట్టేశాడు. ఆ జంట సంతానమే నేతగాళ్ల ఇళ్లకూ, శనక్కాయల గోదాములకూ, నందికొట్కూరు దాకా పాకింది.

కుక్కపిల్లను ఇచ్చేటప్పుడు సోమక్క పైసా అడగదు. ఒకటే మాట తీసుకుంటుంది. ఆడపిల్ల అయితే ఎదకు వచ్చినప్పుడు తనింటికే తోలుకొని రావాలి. తనింటి మగకుక్కతోనే జత కట్టించాలి. తొలిసారి పిల్లల్ని తనింట్లోనే పెట్టాలి. జాతి చెడకూడదని పైకి చెబుతుంది గానీ అసలు సంగతి వేరు. ఆమె కూతురు శివలీలను అత్తవాళ్లు తొలికాన్పుకు పుట్టింటికి పంపలేదు. కోతలున్నాయి, అయినాక పంపుతామన్నారు. కోతలు కాకముందే చావు కబురొచ్చింది. అప్పటినుంచి తిరిగొస్తుందన్న మాట లేకుండా ఏ ప్రాణినీ గడప దాటించడం సోమక్కకు చేతకాలేదు.

"మా యమ్మ కుక్కలకు గూడా సారె పెట్టి పంపుతాది," అని కొడుకు కంబన్న మగ్గంలో కూర్చుని ఎగతాళి చేసేవాడు. చేసినా, వచ్చిన ఆడకుక్కలకు పాత చీర మడతపెట్టి పక్క వేసేది అతనే.

కొన్నేళ్లుగా ఆ కుక్కలకు కళ్లు పోతున్నాయి. నిన్నటిదాకా ఎలుకల వెంటపడిన కుక్క ఒక పొద్దున గోడకు తల ఆనించి మూలుగుతుంది. కన్ను ఎర్రబడి, నీలి తిరిగి, ఆ తర్వాత రెండో కన్ను కూడా పోతుంది. దిష్టి అన్నారు. పాము ఊపిరి తగిలిందన్నారు. సోమక్క దిష్టి తీసింది, మొక్కింది, కంటికి చుక్కల మందు తెచ్చి వేసింది. ఏదీ పని చేయలేదు.

అలాంటప్పుడు పశువైద్య కళాశాల నుంచి అరుణజ్యోతి అనే డాక్టరమ్మ వచ్చింది. ఈ జాతిలో తరతరాలకూ దిగే కంటిజబ్బు మీద ఆమె పరిశోధన. కుక్కలు పెంచేవాళ్లనందరినీ కర్నూలులో కూర్చోబెట్టి, మీ కుక్కల రక్తం ఇచ్చి సాయం చేస్తేనే ఇది తేలుతుందని చెప్పింది. అందరికన్నా పొడుగ్గా మాట్లాడింది ఓర్వకల్లు వీరభద్ర. షెడ్డు వేసి కుక్కపిల్లల్ని హైదరాబాదుకు అమ్మే మనిషి. "మన బిడ్డల కోసం మనం ఇయ్యకుంటే ఎవురిస్తారు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

రక్తం తీసే రోజున అతను రాలేదు. సోమక్క ఫోను చేస్తే, "నా కుక్కలకేం రోగం లేదు సోమక్కా. రక్తమిస్తే ఉండాదని ఒప్పుకున్నట్టే గదా," అన్నాడు.

సోమక్క కుక్కపిల్లల్నిచ్చిన ఇళ్లవాళ్లు మాత్రం వచ్చారు. ఆమె పిలిస్తే కుక్కను తోలుకొని రావడం వాళ్లకు అలవాటే. ప్రతి కుక్క తలనూ ఆమె ఒళ్లో పెట్టుకుంది, సూది గుచ్చేటప్పుడు దాని కళ్లు మూసింది.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ మళ్లీ వచ్చి చాప మీద కూర్చుంది.

"అవ్వా, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా దోషం దిగితేనే కన్ను పోతుంది. ఒక వైపు నుంచే దిగితే దానికేం కాదు. పిల్లలకు మాత్రం ఇస్తుంది. మీ మగకుక్క బొట్టోడు అట్లాంటి వాడే."

"వాని కండ్లు నిప్పుల్లా ఉండాయి గదమ్మా."

"వాడి కళ్లకేం కాదు. కానీ వాడి కూతుళ్లనూ మనవరాళ్లనూ మళ్లీ వాడి దగ్గరికే తెస్తున్నారు గదా."

సోమక్కకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నేను పుట్టింటికి పిలిపించుకున్నందుకే వాటి కండ్లు పోయినాయా తల్లీ?"

డాక్టరమ్మ టీ గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది. కంబన్న మగ్గం ఆపేశాడు.

ఇకమీద ఈ ఇంటి ఆడకుక్కలను దోషం లేని మగకుక్కతోనే జత కట్టించాలని డాక్టరమ్మ చెప్పింది. కడపలో కుక్కలు పెంచే మల్లక్క ఇంట్లో అలాంటిదొకటి పరీక్షలో తేలింది. సోమక్క ఆ మాట ఇంటింటికీ ఫోనులో చెప్పింది. కొందరు సరేనన్నారు. కొందరు, ఇన్నాళ్లూ రోగం పంచిపెట్టి ఇప్పుడు చెప్తాండావా అన్నారు.

ఎండలు ముదిరాక నందికొట్కూరు నరసన్న బండి మీద వచ్చి వాకిట్లో ఆగాడు. ముందున్న బుట్టలో మొగిలి. బొట్టోడి కూతురు. అదీ దోషం మోస్తోందని పరీక్షలో తేలింది. ఎదకొచ్చింది. సోమక్కను చూడగానే బుట్టలోంచి దూకి, తోకతోపాటు నడుమంతా ఊపుకుంటూ గడపకేసి పరుగెత్తింది. లోపల కట్టేసిన బొట్టోడు గొలుసు గుంజుతూ మొరగసాగాడు.

సోమక్క గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా నరసన్నా, నేను చెప్పింది వినలేదా?"

"ఈ చెవిన విని ఆ చెవిన విడిసిపెట్టినా. ఇన్నేండ్లూ తేకుంటే తిడ్తివి, ఇప్పుడు తెస్తే అడ్డం నిలబడ్తివి."

"కడపకు తోలుకొని పో. ఆడ మల్లక్క ఇంట్లో..."

"కడపలో దీనికెవురుండారు?"

ఆ మాట సోమక్కకు తగలవలసిన చోటే తగిలింది. "నేనొస్తా తోడు. పిల్లలు పెట్టేదాకా ఆడనే ఉంటా," అంది.

నరసన్న నవ్వాడు. "ఈ వయసులో కుక్క పెండ్లికి కడప పోతావా అక్కా? వియ్యంకులు నవ్వుతారు."

మొగిలి ఆమె కాళ్ల సందులోంచి దూరబోయింది. సోమక్క కాళ్లు దగ్గరికి చేర్చింది. అది సందు వెతికి మళ్లీ దూరబోయింది. ఈసారి ఆమె వంగి దాన్ని రెండు చేతులా ఎత్తింది. ఎత్తినాక దించబుద్ధి కాలేదు. గుండెకు ఆనించుకుని, దాని చెవుల వెనక వాసన చూసి, తీసుకెళ్లి బుట్టలో పెట్టింది. పైకి లేవబోతే అరచేత్తో అదిమి పట్టింది.

"ఇంటి ఆడకూతుర్ని వాకిట్లో నుంచే పంపిస్తాండావు," అన్నాడు నరసన్న. ఇప్పుడతను నవ్వడం లేదు. "పంపించు. వీరభద్ర షెడ్డుకు దారి నాకూ తెలుసు."

"వాని మగకుక్క బొట్టోని కొడుకే గదప్పా. వాడు పరీక్ష గూడా చేయించలేదు."

"చేయించలేదు గాబట్టి రోగం లేదు."

బండి పోయింది. మొగిలి బుట్ట అంచు మీదుగా వెనక్కి చూస్తూనే ఉంది.

సోమక్క లోపలికి వచ్చి డాక్టరమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పింది.

"ఆపలేకపోయారా అవ్వా?"

"నా గడపలో ఆపినా. ఓర్వకల్లులో ఆపేదానికి నేనెవురు తల్లీ?"

డాక్టరమ్మ ఇంకేదో చెప్పాలని వెనకాడింది. ఆఖరికి చెప్పింది. ఆ జతకు పుట్టే పిల్లల రక్తం దొరికితే పరిశోధనకు చాలా అవసరమట. ముఖ్యంగా కళ్లు పోయే పిల్లలది. నరసన్నను అడిగి చూస్తారా అంది.

"అడుగుతా," అంది సోమక్క. "ఇయ్యడు. ఐనా అడుగుతా."

ఫోను పెట్టేసి బొట్టోడి గొలుసు విప్పింది. వాడు వాకిట్లోకి ఉరికి, బండి ఆగిన చోట నేలంతా వాసన చూసి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఎండ నెత్తిమీదికి వచ్చినా ఆమె వాణ్ణి లోపలికి పిలవలేదు.