కోడలు చెప్పిన నగరం

సాయంత్రం బట్టల కార్ఖానా నుంచి ఇంటికి రాగానే కోడలు చేసే మొదటి పని, అత్తగారి కళ్లలో మందు చుక్కలు వేయడం. పొద్దుటి నుంచి చొక్కాలకి గుండీలు కుట్టి కుట్టి వేళ్లు మొద్దుబారిపోయి ఉండేవి. అయినా చుక్క గురి తప్పేది కాదు. చుక్కలు పడ్డాక అత్తగారు కాసేపు తల వెనక్కి వాల్చి, "ఇవాళ కిటికీ ఊచలు తెలుస్తున్నాయి కానీ అవతలి గోడ తెలియట్లేదే," అనో, "నువ్వు వేసుకున్నది పచ్చా, నీలమా?" అనో అనేది.

"ఊఁ," అనేది కోడలు.

"ఊఁ ఏ రంగే?" అని అత్తగారు నవ్వేది.

కోడలు నోట్లో నాలుక లేని మనిషి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చుట్టపక్కాలు "పాపం, మాటలు రావా?" అని గుసగుసలాడుకున్నారు. ఆవిడ మొగుడు పంపుల మెకానిక్కు. ఇద్దరి వాటా మాటలూ తానే మాట్లాడేసేవాడు. ఆవిడకి దానితో పేచీ ఏమీ లేదు. మాట నోటిదాకా వచ్చి, ఎందుకులే అనుకుని వెనక్కి వెళ్లిపోయేది.

కళ్ల డాక్టరు చెప్పాల్సింది దాపరికం లేకుండా చెప్పేసింది. "చూపు తగ్గడాన్ని ఆపలేం. చూడాలని ఉన్నవేవైనా ఉంటే ఇప్పుడే చూపించండి."

ఆసుపత్రి మెట్లు దిగుతూ కొడుకు అడిగాడు. "ఏం చూడాలనుందమ్మా నీకు?"

అత్తగారు ఆలోచించుకోనైనా లేదు. "నగరం," అంది.

ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లో తపాలాఫీసులో, నగరానికి వెళ్లే ఉత్తరాలు వేరుచేసే గదిలోనే చేసింది. నగరంలోని వీధుల పేర్లు రోజూ ఆవిడ వేళ్ల మధ్యనుంచే వెళ్లేవి. ఉప్పుమెట్ల వీధి, గాజు అంగడి, వంతెన కింది బజారు, పాత రేవు దారి. నిద్దట్లో లేపి అడిగినా ఏ వీధి పక్కన ఏ వీధో చెప్పగలదు. ఒక్కదానిలోనూ అడుగు పెట్టలేదు.

"సరే, వెళ్లిరండి," అన్నాడు కొడుకు. "ఎండలు ముదిరితే ఊళ్లో పంపులన్నీ ఒకేసారి మొరాయిస్తాయి, నేను కదల్లేను. మీరిద్దరూ వెళ్లండి. ముందు ట్రాము పిన్నిని అడగండి."

ఆ వీధిలో ఎవరు నగరానికి ప్రయాణం కట్టినా ముందు ట్రాము పిన్ని దగ్గరికే వెళ్లేవారు. ఆవిడ నగరంలో ట్రాములు నడిపి, పని మానేశాక కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆవిడ ఒక చోటు గురించి చెప్తే, ఆ చోటు ముందుగదిలోకి వచ్చేది. ఆవిడ ఎంత చెప్తే అంత మేరకే, చెప్తున్నంత సేపే ఉండేది. దీని గురించి ఎవరూ విడ్డూరంగా మాట్లాడుకునేవారు కాదు. కాకపోతే ఆవిడ గొంతు సవరించుకోగానే కూతురు వచ్చి గాజు బొమ్మలు తీసి బీరువాలో పెట్టేది.

"అమ్మా, సముద్రం జోలికి మాత్రం వెళ్లకు. పోయిన వారం తడిసిన తివాచీ ఇంకా ఆరలేదు," అనేది.

కోడలూ అత్తగారూ వరుసగా కొన్ని సాయంత్రాలు అక్కడికి వెళ్లారు. గోడవారగా కుర్చీలు వేసుకుని కూర్చునేవారు.

"స్టేషన్లో దిగ్గానే అందరితోపాటు బయటికి తోసుకుపోకండి వదినా," అని మొదలుపెట్టింది పిన్ని. "అక్కడే నిలబడి ఒక్కసారి పైకి చూడండి."

ముగ్గురూ పైకి చూశారు. ముందుగది కప్పు లేచిపోయింది. ఇనుప కమానులు ఒకదాని వెనక ఒకటి ఎక్కడికో వెళ్లిపోతున్నాయి, వాటి మధ్య గాజు పలకల్లోంచి వెలుగు గుత్తులు గుత్తులుగా దిగుతోంది. ఎక్కడో బండి ఆవిరి వదిలింది. పావురాలు టపటపా లేచాయి. అత్తగారు నోరెళ్లబెట్టి చూస్తూ కుర్చీలోంచి లేచి, పక్కనే ఉన్న ఇనుప స్తంభం మీద చెయ్యి వేసింది. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, దానిమీద చల్లగా పట్టిన తేమని వేలితో తుడిచి చూసుకుంది. కళ్లు మసకబారాక ఆవిడ ఇంత పెద్దదాన్ని చూడటం అదే మొదలు.

"ట్రాములో ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి. కుడివైపు కూర్చుంటే కనిపించేవన్నీ గోడలే," అని పిన్ని చెప్పుకుపోయింది. "పాత వస్తువుల ప్రదర్శనశాలకి ముందు గుమ్మంలోంచి వెళితే కాళ్లు పీకుతాయి. తోటవైపు గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. గాజు అంగట్లో ధర అడగొద్దు, చూసి రండి చాలు. చెప్పులు కొత్తవి వేసుకున్నారా, మీ కర్మ."

అత్తగారు అన్నీ తలూపుతూ విని, చివరికి అడగాలనుకున్నది అడిగింది. "మరి ఉప్పుమెట్ల వీధి?"

పిన్ని కళ్లు మూసుకుంది. "అదా... సముద్రం ఒడ్డునుంచి కొండమీదికి మెట్లు. పూర్వం ఉప్పు బస్తాలు మోసేవారు. మెట్లకి అటూ ఇటూ ఇళ్లు. ఒక్కో ఇంటి తలుపుకి ఒక్కో రంగు..."

గదిలోకి మెట్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి. తలుపులు మాత్రం వెలిసిపోయినట్టు ఏ రంగూ లేకుండా వచ్చి నిలబడ్డాయి.

"రంగులు గుర్తుకు రావట్లేదు వదినా," అంది పిన్ని చిన్నబుచ్చుకుని.

"పోనీలే. నేను వెళ్లి చూసొస్తాగా," అంది అత్తగారు.

టికెట్లు తీసుకున్నారు. సంచి సర్దుకున్నారు. ప్రయాణం ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున్న అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, "దీపం వెయ్యవే," అంది.

అప్పటికే గదినిండా ఎండ పరుచుకుని ఉంది. కోడలు కిటికీవైపు ఒకసారి చూసింది. వెళ్లి దీపం వేసింది.

"వేశావా?" అని అడిగింది అత్తగారు. ఆ అడగడంలోనే ఆవిడకీ సంగతి అర్థమైపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు మాట్లాడి మాట్లాడి అలిసిపోయాడు. ట్రాము పిన్ని స్వయంగా వచ్చి మంచం పక్కన కూర్చుని, తనకి తెలిసిన నగరమంతా చెప్పింది. ట్రాములు గణగణమంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాయి. కూతురి తివాచీ బెంగ లేదు కాబట్టి సముద్రం కూడా చెప్పింది.

"వినిపిస్తోంది వదినా. పాదాలకి చల్లగా తగులుతోంది కూడా," అంది అత్తగారు. "కనిపించట్లేదు."

పిన్ని కళ్లు ఒత్తుకుంటూ లేచింది. కొడుకు టికెట్లు రద్దు చేయించి రావడానికి చెప్పులు వేసుకున్నాడు.

"వెళ్తాం," అంది కోడలు.

ఎవరన్నారా అని కొడుకు చుట్టూ చూశాడు. "ఎక్కడికి? వెళ్లి ఏం చేస్తారే?"

"ఏమో. వెళ్తాం," అంది. వీధులన్నీ వేళ్లమధ్య పెట్టుకుని బతికిన మనిషి వాటిని తొక్కకుండా ఉండిపోవడం మాత్రం కోడలికి మింగుడుపడలేదు.

నగరం స్టేషన్లో దిగాక కోడలు అందరితోపాటు తోసుకుపోలేదు. నిలబడి పైకి చూసింది. కమానులు ఉన్నాయి. గాజు పలకలు తీసేసి రేకులు వేశారు. బయటికొస్తే ట్రాము లేదు, పట్టాలమీద తారు పోసేశారు.

"ట్రాములా?" అంది అక్కడ పూలమ్ముకునే ఆవిడ. "మా చిన్నప్పుడే తీసేశారమ్మా. ఎక్కడికి వెళ్లాలి?"

కోడలు నోరు విప్పేలోపే అత్తగారు చెప్పింది. "ఉప్పుమెట్ల వీధి."

పూలావిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఇప్పుడొద్దు. ఎండ ఎదురు కొడుతుంది. ఎక్కడైనా నాలుగు మెతుకులు తిని, కాస్త నడుం వాల్చి, సాయంత్రం వెళ్లండి. పసుపుపచ్చ బస్సెక్కి చివర్న దిగితే సముద్రం వాసనే దారి చూపిస్తుంది."

అలాగే వెళ్లారు. బస్సులో ఎడమవైపే కూర్చున్నారు. "ఏం కనిపిస్తోందే?" అని అత్తగారు అడిగినప్పుడల్లా కోడలు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. ఇంత నగరం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? "బజారు," అంది ఒకసారి. "జనం," అంది ఇంకోసారి. అత్తగారు మరి అడగడం మానేసింది. అది కోడలికి అడగడం కంటే కష్టంగా అనిపించింది.

కోడలు మెట్ల కింద నిలబడి తలెత్తింది. వెనక సముద్రం మీదుగా పడుతున్న వెలుగులో మెట్లు కొండమీదికి పారుతున్నట్టున్నాయి. కిందనుంచి పైకి పారే నీళ్లలా. అటూ ఇటూ తలుపులు. ఇన్ని రంగులు ఆవిడ ఏ గుండీల పెట్టెలోనూ చూడలేదు.

"వచ్చేశామా?" అంది అత్తగారు.

"వచ్చేశాం. ఇదిగో, మొదటి తలుపు నీలం," అంది కోడలు. గొంతు తనది కానట్టుంది. "ఉతికి ఉతికి మెత్తబడ్డ చొక్కా లేదూ, ఆ నీలం. దానికి ఇత్తడి గొళ్లెం. గొళ్లెం చుట్టూ మాత్రం అరిగి చెక్క బయటపడింది."

అత్తగారు తలుపువైపు తల తిప్పింది. తర్వాత మెల్లగా, "గడపమీద పిల్లి పడుకుందే," అంది.

కోడలు పిల్లి సంగతి చెప్పలేదు. చూస్తే నిజంగానే ఉంది, బూడిదరంగు పిల్లి, తోక ముడుచుకుని.

కోడలు గిరుక్కున తిరిగింది. అత్తగారి ముఖంలోకి చూసింది. ఆ కళ్లు ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. కానీ ముఖం వెలుగుతోంది.

"చెప్పు, ఆపకు," అంది అత్తగారు. "నువ్వు ఆగినచోట ఆగిపోతోంది."

కోడలు చెప్పింది. ఎందుకులే అని ఇన్నాళ్లూ వెనక్కి వెళ్లిన మాటలన్నీ వరుస కట్టి వచ్చినట్టు వచ్చాయి. మందారం రంగు తలుపు. దాని పక్కన, ఎవరో మధ్యలో వదిలేసినట్టు సగం పచ్చ సగం తెలుపు తలుపు. ఎదురుగా ఆరేసిన దుప్పటి గాలికి పొట్ట ఉబ్బించుకోవడం. ఒక్కోటీ చెప్తుంటే అత్తగారు ఒక్కో మెట్టూ ఎక్కింది. కాసేపటికి కోడలి చెయ్యి వదిలేసింది. కోడలు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగింది.

గడపలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన తన పీట పక్కకి జరుపుకున్నాడు. "పైన మలుపు దగ్గర ఒక మెట్టు విరిగిందమ్మాయ్," అన్నాడు కోడలితో. "దాన్ని వదిలేయకుండా చెప్పు."

కోడలు ఆ విరిగిన మెట్టు కూడా చెప్పింది. అత్తగారు దాన్ని దాటి కాలు వేసింది.

కొండమీదికి చేరేసరికి కోడలి గొంతు బొంగురుపోయింది. అయినా సముద్రం చెప్పింది, దానిమీద వెనక్కి వస్తున్న పడవలు చెప్పింది, గాజు అంగడి కప్పు ఎర్రబడటం చెప్పింది. "అదిగో పాత రేవు," అని ఒక్కో వీధీ అత్తగారే పేరుపెట్టి గుర్తుపట్టింది. పరుగెత్తుకుంటూ వచ్చిన చిన్నపిల్లలా ఆయాసపడుతూ నవ్వింది.

"ఇక నిన్ను చెప్పు," అంది.

"నన్నా?"

"నిన్ను సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందే. చుక్కలు వేసేటప్పుడు నీ వేళ్లే కనిపించేవి."

నగరం చెప్పడమే నయం అనిపించింది కోడలికి. చెవుల దగ్గర జుట్టు నెరిసిందని చెప్పింది. సూదులవైపు చూసి చూసి కనుబొమ్మల మధ్య గీత పడిందని చెప్పింది. "చూడటానికి పెద్ద బావుండను అత్తయ్యా," అంది.

అత్తగారు ఆవిడ ముఖంవైపు తల వంచి, వెతుకుతున్నట్టు చాలాసేపు ఉంది.

"అదెక్కడా కనిపించట్లేదే," అంది. "ఉన్నది చెప్పు."

కోడలు కళ్లు తుడుచుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తడుముకుంటూ, తనను తాను అప్పుడే చూస్తున్నట్టు చెప్పింది. అంతా విన్నాక అత్తగారు, "ఆఁ, నువ్వే," అంది తృప్తిగా.

కింద దీపాలు వెలగడం మొదలైంది. పొద్దున్నే తిరుగు బండి ఉంది.

"రేపు వెళ్లిపోవాలి కదూ?" అంది అత్తగారు. మాట మామూలుగానే అంది గానీ, గోడవైపు తిరిగి పడుకున్న రోజుల నీరసం అందులో కొంచెం వినిపించింది.

"రేపు కాదు," అంది కోడలు. "రేపు అక్కడికి."

ఎక్కడికో చెప్పలేదు. దూరంగా, నదిమీద దీపాలు దండలా గుచ్చుకుంటున్న వంతెనవైపు వేలు మాత్రం చూపించింది. అత్తగారు ఆ వేలు చూపించిన వైపే తల తిప్పి, కళ్లు చికిలించి చూసింది.