కంపెనీ ఇవ్వని చిల్లులు

మా అమ్మకి బండ్లంటే భయం. ఇది మా ఇంట్లో తిరుగులేని మాట. స్కూటరు వెనక కూర్చుంటే గొణుక్కుంటూనే ఉంటుంది. కారెక్కితే కుడికాలితో నేలని తొక్కుతూనే ఉంటుంది, దిగేసరికి పిక్క పట్టేస్తుంది. "నెమ్మదమ్మా, నేల ఊడి రోడ్డు మీద పడుతుంది" అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటుంది. అలాంటి మనిషి ఉన్న ఇంటి పెరట్లోకి నాన్న ఒక లారీని తెచ్చి పెట్టాడు.

లారీ అంటే నడిచొచ్చిన లారీ కాదు. ముక్కలుగా వచ్చింది. ఒకప్పుడు నాన్న నడిపిన బండే అది. తర్వాత క్వారీవాళ్ళకి అమ్మేశాడు, వాళ్ళు దానిచేత రాళ్ళు మోయించి మోయించి చివరికి తుక్కు కొట్టుకి తోలేశారు. నాన్న ఏదో ఇనుప గొట్టం కోసం ఆ కొట్టుకి వెళ్ళి, గుట్ట కింద నలిగి ఉన్న కేబిన్ని చూసి గుర్తుపట్టాడు. ఎలా గుర్తుపట్టావంటే, కన్నబిడ్డని గుర్తుపట్టడానికి కాగితాలు కావాలా అన్నాడు. ఆ రోజు నుంచి దాని పేరు పెద్దమ్మాయి. ఇన్నాళ్ళూ ఒక్కగానొక్క కూతుర్ననుకున్న నేను ఆ పూటతో రెండోదాన్నయ్యాను.

పనిలో నాన్నకి ఒకటే సూత్రం. కంపెనీ ఇచ్చింది ఉండాలి, తర్వాత వచ్చింది పోవాలి. బండి అడుగు చట్రం, అదే ఛాసిస్‌ని ఇటుకల మీదికెత్తి తుప్పు గీకి ఎర్రటి రెడాక్సైడు రంగు పూశాడు. ఇంజను విప్పి ప్రతి బోల్టునీ కిరసనాయిలు డబ్బాలో నానబెట్టాడు. క్వారీవాళ్ళు అడ్డదిడ్డంగా కొట్టిన చిల్లులన్నిటి చుట్టూ సుద్దముక్కతో సున్నాలు చుట్టాడు. అదనపు హారన్లకి కొట్టినవి, గొలుసులు తగిలించడానికి కొట్టినవి, ఎందుకు కొట్టారో కొట్టినవాళ్ళకే తెలియనివి. వాటిని పూడ్చడానికి ఆదివారం వెల్డింగ్ మామయ్య వస్తాడు. ఆయన నాన్నకి పాత స్నేహితుడు, అమ్మని చెల్లెమ్మా అంటాడు, చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులే. ముందు ఆయన చొక్కా పూడ్చుకుంటే బాగుండునని అమ్మ అంటుంటుంది.

నా పని ముందుగదిలో. పళ్ళ సెట్లు చేస్తాను. అరిగిన పన్ను చూస్తే ఆ మనిషి ఏ వైపు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పగలను. ఈ అలవాటు నోళ్ళ దగ్గర ఆగదు. చెప్పులు చూస్తాను, మెట్లు చూస్తాను, తలుపు గొళ్ళేలు చూస్తాను. అందుకే నాన్న నాకు మూడు పెడళ్ళూ ఇచ్చి గీకమన్నప్పుడు నేను గీకడం మానేసి చూస్తూ కూర్చున్నాను.

క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు, మూడింటికీ పాదం ఆనే చోట చిల్లులున్నాయి. ఒక్కోదానికి రెండు జతలు. ఒక జత సన్న బోల్టులవి, ఒక జత లావు బోల్టులవి. సన్న జత అంచులు కోలగా అరిగిపోయి ఉన్నాయి. అంటే ఏదో వస్తువుని అక్కడ బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం చాలాకాలం జరిగింది. లావు జత మాత్రం అంతగా అరగలేదు. వీటి చుట్టూ నాన్న సుద్దముక్క పెట్టలేదు.

అడిగితే, క్వారీలో ఎవడో పొట్టి డ్రైవరు కాళ్ళందక చెక్కలు బిగించుకుని ఉంటాడన్నాడు. నమ్మేదాన్నే. కానీ ఆ బండికి రెండు రంగుల చరిత్ర ఉంది. అడుగున నాన్న హయాం నాటి ఆకుపచ్చ, పైన క్వారీవాళ్ళ పసుపు. వాళ్ళు బండి కొనగానే పిచికారీ పట్టుకుని కనిపించినదానికల్లా పసుపు కొట్టేశారు, పెడళ్ళని కూడా వదల్లేదు. ఆ పసుపు చిల్లుల లోపలి గోడలకి కూడా అంటి ఉంది. అంటే పసుపు పడేసరికే చిల్లులున్నాయి. అవి నాన్న హయాంలోవి. నాన్న ఆరడుగుల మనిషి, మంచం మీద పడుకుంటే పాదాలు బయటికొస్తాయి. ఆయనకి చెక్కలెందుకు?

నేనిలా తీగ లాగుతుండగా అమ్మ టీ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. లారీ వచ్చాక ఆవిడ దాని దగ్గరికి రావడం అదే మొదటిసారి. నా ఒళ్ళో పెడల్ని చూసింది. "వీటికి సుద్ద పెట్టలేదేం?" అని నాన్నని అడిగింది.

"అవి ఉండనీవే" అన్నాడు నాన్న.

"కంపెనీ ఇవ్వలేదుగా. సూత్రం అందరికీ ఒకటే. ఆదివారం వాటినీ పూడ్పించండి."

నాన్న మళ్ళీ "ఉండనీవే" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. మార్కెట్లో ధర తగ్గించమని కూడా బతిమాలని మనిషి, మూడు ఇనుప ముక్కల కోసం బతిమాలుతున్నాడు. అమ్మ వినలేదు. సుద్దముక్క తీసుకుని తనే సున్నాలు చుట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక నాకు నిద్రాహారాలు పడతాయా? చిల్లులు పూడ్చి గీకి రంగేస్తే అక్కడ ఏముండేదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆదివారం లోపల నాకు తెలియాలి. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఫోను చేసి వెల్డింగ్ మామయ్యని అడిగాను. ఆయన దగ్గాడు, మంచినీళ్ళు తాగాడు, వాతావరణం గురించి మాట్లాడి ఫోను పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వ్యవహారం. నా బుర్రకి తోచింది ఒక్కటే. నాన్న బండిలో ఎవరో పొట్టి మనిషి ఉండేది. మనిషి అంటే ఆడమనిషి. నాన్న ఆ గుర్తుల్ని ఉంచుకుందామనుకుంటున్నాడు, అమ్మ చెరిపేద్దామనుకుంటోంది. లెక్క చక్కగా సరిపోయింది.

మర్నాడు నాన్న రేడియేటరు తేవడానికి వెళ్ళినప్పుడు అమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొదలుపెట్టాను. మగవాళ్ళన్నాక వయసులో ఏవో ఉంటాయని, పాతవి తవ్వుకుని మనసు పాడుచేసుకోకూడదని, నేను తన వైపే ఉంటానని చెప్పుకొచ్చాను. అమ్మకి మొదట అర్థం కాలేదు. అయ్యాక చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి తోసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. పైటతో కళ్ళు తుడుచుకుని, పద, ఆవిణ్ణి చూపిస్తానంటూ లేచింది.

కేబిన్ అప్పటికి ఛాసిస్ మీదికెక్కింది. సీటూ స్టీరింగూ పెట్టాం, పెడళ్ళు ఊరికే తగిలించి ఉన్నాయి. నేనైతే ఆ కేబిన్‌లోకి రోజూ నిచ్చెనెక్కినట్టు పడుతూ లేస్తూ ఎక్కుతాను. అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఎడంకాలు మెట్టు మీద పెట్టి, రెండోచేత్తో తలుపు స్తంభం అందుకుని ఒక్క ఊపులో సీట్లో కూర్చుంది. మెట్టు ఎక్కడుందో కిందికి చూడలేదు. కూర్చున్నాక కుడిచెయ్యి స్టీరింగు మీదికీ ఎడమచెయ్యి గేరు మీదికీ వాటంతటవే వెళ్ళాయి. పాదాలు మాత్రం పెడళ్ళకి జానెడు దూరంలో గాల్లో ఆగాయి.

"ఆ ఆడమనిషిని నేనే" అంది.

తన పెళ్ళయిన కొత్తల్లో సంగతంటూ అమ్మ చెప్పింది. దుంగలు దించుతుంటే ఒకటి జారి నాన్న కాలు విరిగింది. బండి ఆగితే సరుకు వేసేవాళ్ళు వేరే బండి చూసుకుంటారు. నాన్న కట్టుకాలు చాపుకుని పక్కసీట్లో కూర్చుని నేర్పాడు, అమ్మ నడిపింది. కాలు అతుక్కున్నాక కూడా ఆవిడ స్టీరింగు వదల్లేదు. నాన్న వంతు వస్తే చెక్కలు విప్పడం, అమ్మ వంతు వస్తే బిగించడం. ఇటుకలు, సిమెంటు, గడ్డి, ఏదైనా తోలింది. మలుపుల్లో నాన్నకంటే తనే మేలని వెల్డింగ్ మామయ్య అనేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ మొహం చూడాలి.

మరి ఎందుకు దాచారంటే, ఏముంది చెప్పడానికి అంది. రెండో జత చిల్లులు దేనికంటే, చెక్కలు అరిగిపోతే కొత్తవి బిగించాం అంది. దిగి లోపలికి వెళ్ళిపోయింది.

అరిగిన చెక్క స్థానంలో అంతే చెక్క వస్తుంది, అవే చిల్లుల్లో కూర్చుంటుంది. లావు బోల్టులు కావాలంటే చెక్క బాగా మందంగా ఉండాలి. పెద్ద పన్నుకి పెద్ద పిన్ను కావాలి, ఇది రోజూ నేను చేసే పనే. అదే మనిషికి, అవే కాళ్ళకి, ఉన్నట్టుండి మందపాటి చెక్కలెందుకు? కేబిన్‌లోకెక్కి నేలమీది రబ్బరు పట్టా ఎత్తి చూశాను. సీటు బిగించిన కంపెనీ బోల్టులకి కాస్త ముందు మరో నాలుగు చిల్లులు కనిపించాయి. వాటికీ నాన్న సుద్ద పెట్టలేదు. సీటు ముందుకి జరిపి సన్న చెక్కలు బిగిస్తే అమ్మ పాదాలు సరిగ్గా అందుతాయి. సీటు వెనక్కి, కంపెనీ పెట్టిన చోటికి జరిపితే అప్పుడు కావాలి మందపాటి చెక్కలు. పొట్టి మనిషి హాయిగా కాళ్ళందే చోటు వదులుకుని వెనక్కి ఎందుకు జరుగుతుంది?

నాన్న రాగానే ఇదే అడిగాను. ఆయన రేడియేటరు దించి, వంటింటి కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకి ఒట్టేశాను. నేను చెప్పకూడదు. నీ అంతట నువ్వే కనుక్కుంటే నేను చెప్పినట్టు కాదు కదా?" అన్నాడు.

ఇద్దరం కలిసి సీటు విప్పి ముందు చిల్లుల్లో బిగించాం. నేను కూర్చున్నాను. స్టీరింగు నా పొట్టని దాదాపు తాకుతోంది. ఊపిరి పీలిస్తే తగులుతుంది. ఆ చక్రానికీ నా పొట్టకీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. అప్పుడు తెలిసింది. అమ్మ వెనక్కి జరిగింది కాళ్ళ కోసం కాదు, పొట్ట కోసం. నెలలు నిండుతున్నకొద్దీ స్టీరింగుకీ ఆవిడకీ మధ్య చోటు కావలసి వచ్చింది. ఆ చోట్లో ఉన్నది నేను. ఆ లావు జత చిల్లులు ఎక్కువ అరగకపోవడానికి కారణం, ఆ కాస్త కాలం తర్వాత అవసరం తీరిపోవడం.

నాన్న నా మొహం చూసి రేడియేటరు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆదివారం వెల్డింగ్ మామయ్య సరంజామా దించుకుని, సున్నాలున్న చిల్లులన్నీ ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చి పెడళ్ళ దగ్గర ఆగాడు. వీటినేం చెయ్యమంటావు చెల్లెమ్మా అని అడిగాడు. పూడ్చెయ్యమంది అమ్మ. నేను పెడళ్ళు మూడూ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లావు చిల్లులు నావి, నన్నడక్కుండా ఎవరూ పూడ్చడానికి వీల్లేదన్నాను.

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న రెండు చేతులూ ఎత్తి, తను పెదవి కదపలేదని సైగ చేశాడు. అమ్మ ఇటుకల దొంతర మీద కూర్చుంది.

"నువ్వు పుట్టాక ఒక్కసారి వెళ్ళాను" అంది. "నిన్ను మీ నాన్న పక్కన సీటు మీద పడుకోబెట్టాం. మలుపులో దొర్లావు. ఆయన పట్టుకున్నారు. నీకేం కాలేదు. బండి ఆపి దిగిపోయాను, మళ్ళీ ఎక్కలేదు. ఎవరడిగినా భయం అని చెప్పాను. అది అబద్ధమూ కాదు."

నా కోసం మానేశావు, అంతేకదా, ఇందులో దాచడానికేముంది అన్నాను.

"అంతే అయితే చెప్పేదాన్నేనే. మానేశాక నాకు నీ మీద కోపమొచ్చేది. వీధిలో బండి చప్పుడు వినిపిస్తే నిన్ను ఎత్తుకుని ఏడ్చేదాన్ని. పాలు తాగుతున్న పసిగుడ్డు మీద కోపం తెచ్చుకునే తల్లి ఉంటుందా? అది నీకు తెలియకూడదని ఆయనచేత ఒట్టు వేయించుకున్నాను."

మామయ్య అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నాకు బాధ కలగాలేమో. కలగలేదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కూరలు తరుగుతూ, నా వేళాకోళాలకి నవ్వుతూ తిరిగిన మనిషి నాకు అసలు తెలియదనిపించింది. తెలుసుకోవాలనిపించింది, ఇంతకుముందెప్పుడూ దేని గురించీ అనిపించనంతగా. వెళ్ళి ఆవిడ పక్కన ఇటుకల మీద కూర్చున్నాను.

"ఎలా ఉండేదమ్మా, నడుపుతుంటే?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకుంటాను. అమ్మ చేతులు ఒళ్ళో నుంచి లేచి గాల్లో ఏదో గుండ్రటిదాన్ని పట్టుకున్నాయి. తర్వాత లేచి చీర దులుపుకుంది.

"చెబితే తెలిసేది కాదు" అంది. "అన్నయ్యా, ఆ పెడళ్ళు అలాగే బిగించెయ్యి. ఏమండీ, మీరు మంచి చెక్క చూడండి, సన్నదే చాలు. మధ్యలో ఇప్పుడెవరూ లేరుగా."

ఆ మాటంటూ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. నొప్పెట్టింది కూడా. ఇంజను ఇంకా సిద్ధం కాలేదని నాన్న ఎంత చెబుతున్నా వినకుండా వెళ్ళి కేబిన్ ఎక్కి కూర్చుంది. నేను రెండోవైపు నుంచి పడుతూ లేస్తూ ఎక్కి పక్కసీట్లో కూర్చున్నాను. గట్టిగా పట్టుకో అంది అమ్మ. పట్టుకున్నాను.