నిన్నటి లోతు

బల్ల మీద పగడపు దిబ్బ తయారైంది. ఎవేలియా కనుల్ ఇంట్లో ప్రతి ప్రయాణానికీ ముందురోజు ఇలాగే తయారవుతుంది. బోర్లించిన పళ్ళేలు దిబ్బలు. ఉప్పు సీసా పడవ. బల్ల అంచు గోడ. ఆ గోడ దగ్గర దిబ్బ తెగిపోయి సముద్రం నల్లగా కిందికి దిగిపోతుంది. మిరపకాయలు మనుషులు. ఎర్రవి దారి చూపేవాళ్ళు, పచ్చవి సెలవు పెట్టుకుని మునగడానికి వచ్చినవాళ్ళు. ఇదంతా కంప్యూటర్లో గీసుకోవచ్చు కదా అని ఒక హోటలు మనిషి ఒకసారి నవ్వాడు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు పక్కవాడి మొహం చూడడు. నీళ్ళలో దిగేముందు చూడాల్సింది పక్కవాడి మొహమే. ఆ మాట ఆ హోటలు మనిషికి చెప్పినా ఎక్కదు కాబట్టి ఎవేలియా చెప్పలేదు.

రేపు చించోర్రో పగడపు దిబ్బకి ప్రయాణం. మహావాల్ ఒడ్డు నుంచి పడవ మీద రెండు గంటలు. మోంతెర్రే నగరం నుంచి ఆరుగురు వచ్చి హోటల్లో దిగి ఉన్నారు. ఎల్లుండికి ఉత్తరపు గాలి దిగుతుందని రేడియోలో చెప్పారు. గాలి దిగితే రేవు మూసేస్తారు, వారం దాకా పడవ కదలదు. రేపు వెళ్ళాలి, లేకపోతే లేదు.

"ఇంకా రాలేదా మీ తమ్ముడు?" అన్నాడు దోన్ ఫౌస్తో, ఫోను మీంచి తల ఎత్తకుండానే. పడవ ఆయనది. సిలిండర్లు ఆయనవి. సిలిండర్లలో పట్టిన గాలి కూడా ఆయనదే. దాన్ని పీల్చే ఊపిరితిత్తులు మాత్రం వీళ్ళవి.

"వస్తాడు," అంది ఎవేలియా.

"అద్దం ముందు ఉంటాడు," అన్నాడు నెఫ్తాలీ. ఆయన పడవ నడుపుతాడు. ముసలివాడు, పళ్ళు సగం లేవు, నవ్వు మాత్రం పూర్తిగా ఉంది. "మోంతెర్రే అమ్మాయిలు ఇద్దరు ఉన్నారట కదా."

విల్బెర్త్ వచ్చాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం గోడ పట్టుకుని ఆగి, తర్వాత లోపలికి నడిచాడు. అంత ఉక్కలో నిండు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు.

"ఏంట్రా, ప్రార్థనకి పోయొస్తున్నావా?" అన్నాడు నెఫ్తాలీ.

"దోమలు బాబాయ్."

"నిన్ను కుట్టిన దోమ బతుకుతుందా."

ఎవేలియా నవ్వలేదు. ఎర్ర మిరపకాయలు రెండు చేతిలోకి తీసుకుంది. ఈ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. మిరపకాయ పెట్టేముందు ప్రతివాడూ మూడు మాటలకి జవాబు చెప్పాలి. నిన్న ఎక్కడ దిగావు, ఎంత లోతు, ఒళ్ళెలా ఉంది. నిన్నటి లోతు ఒంట్లో ఉండిపోతుంది. దాని మీద ఇవాళ్టి లోతు పడితే మనిషి పాడవుతాడు. నజారియో మామయ్యకి అలా అయ్యాకే ఎవేలియా ఈ పద్ధతి పెట్టింది.

"నేను ముందు చెప్తా," అంది. "నిన్న ఒడ్డు దిబ్బ దగ్గర పిల్లలకి నేర్పాను. మెడలోతు. ఒళ్ళు బాగుంది. విల్, నువ్వు?"

"దిగలేదు. ఇంజను తుడుచుకుంటూ ఉన్నా."

"రోజంతా?"

"మురికి ఎక్కువ."

దోన్ ఫౌస్తో ఫోను బోర్లా పెట్టాడు. మళ్ళీ తిరగేసి చూసుకున్నాడు. ఎవేలియాకి అది కనిపించింది గానీ అర్థం కాలేదు.

"సరే. పొద్దున్నే బయల్దేరదాం," అంది. "ఆరుగురిలో నలుగురు నీళ్ళు చూసి ఏడాది దాటింది. అందుకని ముందు ఇక్కడ." మిరపకాయల్ని మధ్య పళ్ళెం పక్కన పెట్టింది. "లోతు తక్కువ, పగడాలు బాగుంటాయి, తాబేళ్ళుంటాయి. అన్నాలు తిన్నాక మళ్ళీ అక్కడే అవతలి పక్క. గోడ వద్దు."

"గోడే ముందు," అన్నాడు విల్బెర్త్.

"ఏంటి?"

అతను ఎడంచేత్తో తన ఎర్ర మిరపకాయని తీసి బల్ల అంచుకి తోశాడు. సగం కాయ గాల్లో ఉంది. "గోడ దగ్గర, నలభై మీటర్లు. నేను ముందు దిగుతా. వచ్చేవాళ్ళు నా వెనక వస్తారు, రానివాళ్ళని నువ్వు తాబేళ్ళ దగ్గరికి తీసుకుపో."

నెఫ్తాలీ ఈల వేశాడు. "పసిపిల్లల్ని తిప్పినట్టు తిప్పితే హాయిగా ఉంటుంది, లోతుకి పోయేవాడు పిచ్చోడు అనేవాడివి కదరా నువ్వు. ఏమైంది, కింద ఎవతైనా పిలిచిందా?"

"కుర్రాడికి ఉత్సాహం ఉంది, పోనివ్వండి," అన్నాడు దోన్ ఫౌస్తో. "మోంతెర్రే వాళ్ళలో ఆ ఇంజినీరుగారు కూడా గోడే అడుగుతున్నాడు."

"ఇంజినీరుగారు కట్టడాల సంగతి చెప్తే వింటాను," అంది ఎవేలియా. "విల్, ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే నలభై మీటర్లు ఎవడూ పోడు."

"అక్కా, ఒక్కసారి నా మాట వినలేవా? ప్రతిసారీ నువ్వే బల్ల, నువ్వే మిరపకాయలు. నేనేమన్నా చంటాడినా?" గొంతు లేచింది. చెమట పట్టిన మొహం, కళ్ళ కింద నలుపు. ఎవేలియా అతని మిరపకాయని అంచు మీంచి వెనక్కి లాగి పళ్ళెం పక్కన పెట్టింది. అతను మళ్ళీ తోశాడు. ఆమె మళ్ళీ లాగింది. మూడోసారి అతని చెయ్యి కాయని దాటి పోయి ఉప్పు సీసాకి తగిలింది. పడవ పడిపోయింది. ఉప్పు బల్లంతా చిమ్మింది.

ఎవేలియా సీసాని పడినచోటే వదిలేసింది.

"కాఫీ పోసుకో," అంది ఎవేలియా మెల్లగా. "చల్లబడి మాట్లాడు."

పొయ్యి మీద ఇనప కెటిల్ ఉంది. కట్టెల పొయ్యి. ఆ కెటిల్ పిడిని గుడ్డ లేకుండా ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. పక్కనే మేకుకి గుడ్డ వేలాడుతూనే ఉంది. విల్బెర్త్ లేచాడు, పొయ్యి దగ్గరికి పోయాడు, కుడిచేత్తో పిడి పట్టి ఎత్తాడు.

పోశాడు. కప్పు నిండింది, కొంచెం పొర్లింది. ఇంకా పట్టుకునే ఉన్నాడు. నెఫ్తాలీ వైపు తిరిగి, "నీకు, బాబాయ్?" అని అడిగాడు. తోలు కాలిన వాసన బల్ల దాకా వచ్చింది.

ముసలివాడి నవ్వు పోయింది.

"దించు," అంది ఎవేలియా.

"ఏంటి?"

"చేతిలో ఉన్నది కింద పెట్టు."

అతను తన చేతిని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి తన మణికట్టుకి తగిలించినట్టు చూశాడు. కెటిల్ దించాడు. అరచేతి మీద ఎర్రటి చార, అప్పుడే ఉబ్బుతోంది. మొహంలో నొప్పి లేదు. అదే భయంకరం. నొప్పి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఎవేలియా అతని చొక్కా పట్టుకుని గుండీలు ఊడేలా లాగింది. భుజం మీద, ఛాతీ మీద ఊదారంగు మచ్చలు, చేపల వల పరిచినట్టు. దోమలట.

"ఎన్నిసార్లు దిగావు నిన్న?"

విల్బెర్త్ దోన్ ఫౌస్తో వైపు చూశాడు. ఆ చూపు చాలు.

"పెద్ద పడవ లంగరు తెగిపోయింది," అన్నాడు దోన్ ఫౌస్తో. "గొలుసుతో సహా. తీసి పెట్టగలవా అని అడిగాను. పైకొచ్చి, తాడు మార్చుకుని, మళ్ళీ దిగాడు. నేను బలవంతమేం చెయ్యలేదు."

"అక్కకి చెప్పొద్దని కూడా బలవంతం చెయ్యలేదా?"

ఆయన మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఇలాంటి ఆయనలు తీరంలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అడుగుతారు. అడగడమే ఆజ్ఞ అని వాళ్ళకీ తెలుసు, వినేవాడికీ తెలుసు. తర్వాత మాత్రం అడిగాను అంతే అంటారు. లంగరు పోతే కొత్తది కొనాలి. మనిషి పోతే ఇంకొకడు వస్తాడు, ఊరికే వస్తాడు.

"లోతు నుంచి గబగబా పైకొస్తే ఒంట్లో గాలి బుడగలవుతుందని నీకు నేనే కదరా నేర్పాను," అంది ఎవేలియా. "నరాల్లో ఇరుక్కుంటుందని చెప్పలేదా? ఎప్పట్నుంచి చెయ్యి మొద్దుబారింది?"

"పొద్దున్నించి. రేపటికి తగ్గిపోతుంది. రేపు గోడ దగ్గర దిగితే..."

అప్పుడు అర్థమైంది ఆమెకి బల్ల అంచున మిరపకాయ ఎందుకు పెట్టాడో.

"మామయ్య చెప్పాడా నీకు?"

"మామయ్య ఎప్పుడూ అలాగే తగ్గించుకునేవాడు. ద్జిలామ్‌ రేవులో అందరూ అంతే. ఒంట్లో బుడగలు పడితే మళ్ళీ లోతుకి పోతారు, కింద నొప్పి పోతుంది. నేను చూశా అక్కా, నా కళ్ళతో చూశా. మెలికలు తిరుగుతూ దిగినవాడు కింద నవ్వుతాడు."

అది నిజం. అబద్ధమైతే ఎవడూ నమ్మేవాడు కాదు. లోతులో నీళ్ళ బరువుకి బుడగలు నలిగిపోతాయి, మనిషికి ప్రాణం లేచొస్తుంది. కింద ఉన్నంతసేపు నిజమే. కానీ సిలిండరులో గాలి అయిపోతుంది, పైకి రావాలి, పైకొచ్చేసరికి ఆ బుడగలన్నీ కొత్తవాటిని వెంటేసుకుని లేస్తాయి. రాతి రొయ్యల కోసం గొట్టం నోట పెట్టుకుని దిగే ఉత్తరపు తీరం వాళ్ళకి ఒత్తిడి గాలితో బుడగలు కరిగించే చాంబరున్న ఆస్పత్రి దూరం, సముద్రం దగ్గర. అందుకని సముద్రాన్నే ఆస్పత్రి చేసుకున్నారు. మామయ్య అలా రెండుసార్లు బాగుపడ్డాడు. మూడోసారి పడవలోంచి మోసుకొచ్చారు. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని వలలు అల్లుతున్నాడు.

"మామయ్య పైకొచ్చినప్పుడు కూడా చూశావా?" అంది.

విల్బెర్త్ తల దించుకున్నాడు. "నేను చాంబరుకి రాను. చాంబరెక్కినవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు."

"నించో."

"అక్కా..."

"నించోరా. కళ్ళు మూసుకుని ఒక కాలు ఎత్తు. పడిపోకపోతే రేపు గోడ దగ్గరికే పోదాం. నేనే తీసుకెళ్తా."

అతను లేచాడు. కళ్ళు మూశాడు. మొండితనమంతా దవడల్లో కనిపించింది. ఎడంకాలు ఎత్తాడు. కుడికాలు రెండు క్షణాలు నిలబడి, మోకాలి దగ్గర ఊరికే వదిలేసింది. నెఫ్తాలీ పట్టుకోకపోతే పొయ్యిలో పడేవాడు.

ముసలివాడి చేతుల్లో వేలాడుతూ విల్బెర్త్, "కాలు కూడానా," అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు అది.

ఎవేలియా అప్పటికే పెరట్లో ఉంది. రేపటి పడవకి సర్దిపెట్టిన సామానులోంచి ఆక్సిజన్ సిలిండరు లాగింది. పచ్చరంగుది, పడవకి ఒక్కటే ఉంటుంది. అది లేకుండా రేవు దాటనివ్వరు.

"అది తీస్తే పడవ కదలదు," అన్నాడు దోన్ ఫౌస్తో, తలుపుకి అడ్డంగా నిలబడి. "ఆరుగురు ఎదురుచూస్తున్నారు. ఎల్లుండి గాలి. కుర్రాణ్ణి పడుకోబెట్టు, మంచినీళ్ళు ఇవ్వు, పొద్దున్న చూద్దాం."

"పొద్దున్నకి కాళ్ళు ఉంటాయా? రాసిస్తారా మీరు?"

"నా సిలిండరు అది."

"వాడి కాళ్ళు మీవి కావుగా. తప్పుకోండి. మీ లారీ తాళం ఇవ్వండి."

"ఇవ్వను."

నెఫ్తాలీ విల్బెర్త్‌ని కుర్చీలో కూర్చోబెట్టాడు. జేబులో చెయ్యి పెట్టి, పెట్రోలు పట్టించడానికి తీసుకున్న తాళాన్ని బయటికి తీశాడు. చిమ్మిన ఉప్పు మీద, పడిపోయిన సీసా పక్కన పెట్టాడు.

"నువ్వూనా," అన్నాడు దోన్ ఫౌస్తో.

"ముసలాణ్ణి కదా దోన్, తాళాలు ఎక్కడ పెడతానో నాకే తెలీదు."

"ఇవాళ గడప దాటితే ముగ్గురూ మళ్ళీ నా పడవ మొహం చూడరు."

ఎవేలియాకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, రేవులో అందరి ముందు చెప్పే రోజు వస్తుంది, ఆ రోజు ఆయన వినక తప్పదు. ఇప్పుడు నోటి కంటే చేతులకి పని ఎక్కువ. సిలిండరు భుజానేసుకుని నేరుగా ఆయన మీదికి నడిచింది. ఆయన పక్కకి జరిగాడు.

చాంబరు ప్లాయా పట్నంలో ఉంది. నాలుగు గంటల దారి. విల్బెర్త్ పక్క సీట్లో వెనక్కి వాలి, మూతికి మాస్కు, కాళ్ళ మధ్య పచ్చ సిలిండరు. దారికి రెండు పక్కలా మడ అడవి, దాని మీద పడమటి ఎండ. ఎవేలియా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో అప్పుడప్పుడూ అతని కుడిచేతి వేళ్ళు నొక్కుతోంది.

"తెలుస్తోందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ నొక్కింది. మళ్ళీ అడ్డంగా. సిలిండరు మీద ముల్లు కిందికి దిగుతోంది. ఆమె దాన్ని చూడటం మానేసింది. చూసి చేసేదేమీ లేదు, తొక్కడం తప్ప.

లిమోనెస్ దగ్గర పెద్ద రోడ్డెక్కి ఉత్తరానికి తిరిగారు. కాసేపటికి విల్బెర్త్ కదిలాడు. మాస్కు పక్కకి తీశాడు.

"పెట్టుకో."

"చెయ్యి మండుతోంది."

ఎవేలియా బ్రేకు మీద కాలు వేయబోయి ఆగింది. "ఎక్కడ?"

"అరచెయ్యి. కెటిల్ కాలింది కదా. మంట, అక్కా, నిప్పు పెట్టినట్టుంది." పళ్ళు బిగబట్టాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "తగ్గిపోయినట్టే. వెనక్కి తిప్పు. ఇప్పుడు పోయినా రేపటికి పడవ అందుతుంది."

ఇది ఆక్సిజన్ ఉన్నంతసేపే. నీళ్ళ కింద ఉన్నంతసేపు మామయ్య కూడా ఇలాగే అనుకుని ఉంటాడు. ఆమె చెయ్యి చాచి మాస్కుని అతని మొహానికి గట్టిగా అదిమింది.

"మంట ఎక్కువగా ఉందా?"

అతను తల నిలువుగా ఊపాడు.

"ఉండనీ," అంది ఎవేలియా. "పోతే చెప్పు." లారీ వేగం పెంచింది.