ఫిల్టరు ఉతికిన అత్తగారు

ఎవరింట్లో కుళాయి కారినా ప్లంబరుకే కబురొచ్చేది. అతని ఇంట్లో వంటగది కుళాయి మాత్రం మూడు నెలలుగా కారుతూనే ఉంది. అలాంటి మనిషి ఒక ఆదివారం నాలుగడుగుల గాజు తొట్టి మోయించుకొచ్చి, ముందుగదిలో భార్య బట్టలు కత్తిరించుకునే బల్ల పక్కన పెట్టించాడు.

"ఏంటండీ ఇది?" అంది భార్య. ఆవిడ దర్జీ. చేతిలో కత్తెర ఉండగా అడిగే ప్రశ్నకి కాస్త ఆలోచించి జవాబు చెప్పాలి.

"చేపలకి. సిక్లిడ్లంటారు, రాళ్ళ సందుల్లో కాపురాలుంటాయి. ఒకళ్ళింట్లో పైపు బాగుచేస్తూ చూశాను. రోజంతా మాట వినని నీళ్ళతో కుస్తీ పడతానా, ఒక్కచోటైనా అవి నేను చెప్పినట్టు వినాలని..."

"ముందు వంటింట్లో నీళ్ళకి చెప్పి చూడండి."

లోపల్నుంచి అత్తగారు వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మరక అంటే ఆవిడకి పాతపగ. ఇంట్లో ఉండబట్టి రెండేళ్ళయినా అల్లుడితో నేరుగా మాట్లాడదు, ఏదున్నా కూతురి మీదుగానే.

"అవి మురికి చెయ్యవా అని అడగవే మీ ఆయన్ని."

"చేస్తాయి అత్తయ్యా. అందుకేగా ఫిల్టరు!" అన్నాడు అల్లుడు హుషారుగా.

చేపల కొట్టు ఆయన్ని అందరూ మాస్టారనేవారు. పాఠం పూర్తిగా చెప్పందే ఒక్క చేపనీ అమ్మడు మరి. "ఈ జాతి తిండిపోతులయ్యా. తిన్నదానికి తగ్గట్టే మురికీను. ఫిల్టరు మామూలు దానికి రెండింతలుండాలి," అన్నాడాయన. రెండింతలనగానే ప్లంబరుకి పూనకం వచ్చినంత పనయింది. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము, అందులో అడుగున గరుకు స్పాంజి, పైన మెత్తటి స్పాంజి, ఆ పైన సిరామిక్ రింగులు, ఒక మోటారు, ఎక్కడపడితే అక్కడ వాల్వులు. రెండ్రోజులు కూర్చుని సొంతంగా బిగించాడు.

స్విచ్చి వేశాడు. తొట్టిలో ఇసకంతా లేచి ఒక మూల గుట్టగా పడింది. పేర్చిన రాళ్ళు కూలాయి. నీళ్ళు ఎగిరి, బల్ల మీద ఎవరో కుట్టడానికిచ్చిన గౌను మీద పడ్డాయి.

"ఇది చేపలకా, మంటలార్పడానికా?" అంది భార్య, గౌను పిండుతూ.

అతను వాల్వులు తిప్పి జోరు తగ్గించాడు. నీళ్ళు ఒక్కచోట దూకకుండా, బెజ్జాలు పెట్టిన పైపు ఒకటి వెనక గోడ పొడుగునా అమర్చాడు. అప్పుడు నీళ్ళు బుద్ధిగా తిరగడం మొదలెట్టాయి.

కానీ చేపలు రాలేదు. నెల రోజులు ఆగమన్నాడు మాస్టారు. చేపల మురికి నీళ్ళలో విషమవుతుందట. దాన్ని తినేసే సూక్ష్మజీవులు ఉంటాయి, అవి ముందు స్పాంజిలో కుదురుకోవాలి. అందాకా రోజూ చిటికెడు మేత నీళ్ళలో వేస్తే, అది కుళ్ళి వాటికి తిండవుతుంది.

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వంగి తొట్టిలోకి చూసేవారు. "చేపలేవండీ?"

"ఇంకా రాలేదండీ."

"మరి మేత ఎవరికి?"

భార్య టేపు గట్టిగా లాగి, "ఊపిరి బిగబట్టకండి, కొలత తప్పుతుంది," అనేది. అత్తగారు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసేది. "మా అల్లుడు నీళ్ళని పెంచుకుంటున్నాడమ్మా."

నెల తిరిగాక వచ్చాయి. పసుపువి నాలుగు, నీలంవి మూడు. మొదటి గంటలో తలా ఒక రాతిసందు ఆక్రమించుకున్నాయి. రెండో గంటలో సరిహద్దు తగాదాలు మొదలయ్యాయి. పెద్ద నీలంది పొద్దస్తమానం నోటినిండా ఇసక తీసుకెళ్ళి ఇంకోచోట ఉమ్మేది. దానికి మేస్త్రీ అని పేరు పెట్టింది అత్తగారు. ఆవిడ కుర్చీ కూడా కిటికీ దగ్గర్నుంచి మెల్లగా జరిగి జరిగి తొట్టి ముందుకొచ్చింది.

రెండు నెలలయ్యాక ప్లంబరుకి పొరుగూళ్ళో కొత్త భవనం పని తగిలింది. మూడ్రోజులు అక్కడే ఉండాలి. మేత తక్కువ వెయ్యమని చెప్పి వెళ్ళాడు. డ్రమ్ము ముట్టుకోవద్దని చెప్పలేదు. ముట్టుకుంటారని అనుకుంటేగా!

మర్నాడు కూతురు దారాలు కొనడానికి వెళ్ళింది. పైపులోంచి నీళ్ళు కాస్త నెమ్మదిగా వస్తున్నట్టు అనిపించి, అత్తగారు అల్లుడు చేసినట్టే వాల్వులు కట్టి, మూత తీసింది. స్పాంజి నిండా గోధుమరంగు జిగురు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచింది. మరిగే నీళ్ళు, చాకలి సోడా, బ్రష్షు. రెండుసార్లు జాడించి ఎండలో పెట్టింది. రింగుల్ని కూడా తళతళ్ళాడేలా తోమి, అన్నీ మళ్ళీ సర్దేసింది.

"చూడవే, మల్లెపువ్వులా చేశాను," అంది కూతురు రాగానే. కూతురూ మెచ్చుకుంది.

ప్లంబరు తిరిగొచ్చేసరికి తొట్టిలో నీళ్ళు పాలలా ఉన్నాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగశ్వాస తీస్తున్నాయి. చేతిసంచీ గుమ్మంలో వదిలేసి మాస్టారికి ఫోన్ చేశాడు.

"ఫిల్టరు కడిగావా?"

"ఊళ్ళోనే లేనండీ!"

"అయితే మీ ఇంట్లో మరీ శుభ్రమైన మనిషెవరో ఉన్నారు."

ప్లంబరు తలతిప్పి చూశాడు. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అత్తగార్ని ఏమనగలడు? అతని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, అచ్చం తొట్టిలో వాటిలాగే.

"నేనే ఉతికాను బాబూ," అంది ఆవిడ. రెండేళ్ళలో అతనితో నేరుగా అన్న మొదటి మాట. "రెండుసార్లు జాడించాను కూడా."

"అందులో ఉన్నది మురికి కాదత్తయ్యా. నీళ్ళని బాగుచేసే ప్రాణులు."

"ఎన్ని?"

"కోట్లు."

ఆవిడ కుర్చీలో కూలబడింది.

మాస్టారు చెప్పిందిది: రోజూ మూడోవంతు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి ఉంచినవి పొయ్యాలి. మేత బంద్. అన్నిటికన్నా ముఖ్యం, తన కొట్లో తొట్టి ఫిల్టర్లోని పాత స్పాంజి సగం ఇస్తాడు, అది ఆరిపోకుండా తెచ్చి డ్రమ్ములో పెట్టాలి. ప్లంబరు అప్పటికే మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాడు. భార్య బకెట్లు మోస్తోంది.

"నేను తెస్తాను," అని అత్తగారు స్టీలు డబ్బా తీసుకుని బయల్దేరింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటావిడ ముక్కు మూసుకుంది. "ఏంటండీ ఆ డబ్బాలో?"

"మురికండీ," అంది అత్తగారు, డబ్బాని ఇంకాస్త ఒళ్ళోకి లాక్కుంటూ. "మంచి మురికి. దొరక్క దొరక్క దొరికింది."

వారం రోజులు ఇంట్లో నడవడానికి బకెట్లు అడ్డం. రెండోరోజు ఒక చిన్న నీలంది చచ్చిపోయింది. ఆవేళ అత్తగారు సరిగ్గా భోంచెయ్యలేదు. అల్లుడు ఆవిడ పక్కన కూర్చుని, "నేను చెప్పి వెళ్ళాల్సింది, నాదే తప్పు," అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తప్పు నాదంటే నాదని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. అయిదోరోజుకి నీళ్ళు తేటపడ్డాయి. మేస్త్రీ మళ్ళీ ఇసక పనిలో దిగింది.

కొన్నాళ్ళకి ఒక పసుపుది తిండి మానేసింది. దవడ ఉబ్బింది. మళ్ళీ తనవల్లే ఏదో అయిందని అత్తగారు కంగారుపడి మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన నవ్వాడు. "నోట్లో గుడ్లున్నాయమ్మా. మూడు వారాలు పస్తుండి మరీ మోస్తుంది. దాని మానాన దాన్ని వదిలెయ్యండి."

వదిలెయ్యడం ఆవిడ వల్ల అయ్యే పనా? పొద్దున టీ గ్లాసుతో కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేది. ఒక మధ్యాహ్నం ఆ చేప రాతిసందులో ఆగి నోరు తెరిచింది. నువ్వుగింజలంత కళ్ళున్న పిల్లలు ఒక్కొక్కటే బయటికి జారాయి. ఏదో నీడ కదలగానే అన్నీ బిలబిలా మళ్ళీ అమ్మ నోట్లోకి దూరాయి.

ప్లంబరు ఆ సమయానికి ఎవరింట్లోనో సింకు కింద దూరి ఉన్నాడు. ఫోన్ మోగితే స్పీకర్లో పెట్టి నేలమీద ఉంచాడు.

"బాబూ, కాన్పయింది! నా కళ్ళారా చూశాను!"

అతను గబుక్కున లేవబోయి తల కొట్టుకున్నాడు. ఇంటాయన సంబరపడిపోతూ వంగి చూశాడు. "శుభం! అబ్బాయా, అమ్మాయా?"

"తెలీదండీ," అన్నాడు ప్లంబరు, తల రుద్దుకుంటూ. "ఎన్నున్నాయో ఇంకా లెక్కపెట్టలేదు."