నాలుగూ ఒకటే

నాలుగో టైరు అంచు ఠప్పుమని రిమ్ములోకి దిగి కూర్చోగానే జ్వరాల డాక్టరు గాలి గొట్టం మూసేసి, నడుం పట్టుకుని లేచాడు. మోకాళ్ళు రెండూ కటుక్కుమన్నాయి. ఆ చక్రాన్ని దొర్లించుకుంటూ తీసుకుపోయి, గోడకి ఆనించి ఉన్న మిగతా మూడింటి పక్కన నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏది ముందుదో ఏది వెనకదో తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. పదకొండేళ్ళుగా ఆయన మొత్తుకుంటున్నది ఇదే.

జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఇన్నాళ్ళూ ఈ బండి టైర్ల చెంపల మీద 'ము' అనో 'వె' అనో రాయాల్సి వచ్చేది. ఇవాళ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశాడు, అంతే. రాస్తున్నంతసేపూ సుద్దని వేళ్ళ మధ్య కొంచెం కొంచెంగా తిప్పుతూనే ఉన్నాడు. ఏదైనా ఒకవైపే అరిగిపోతే ఆయనకి మనసొప్పదు. ఇంట్లో పరుపు తలవైపుది కాళ్ళవైపుకి మారుస్తాడు, దిండ్లు తిరగేస్తాడు, భోజనాల బల్ల చుట్టూ కుర్చీలకి నెలకోసారి చోటు మారుస్తాడు.

"ఏదో ఒకరోజు నన్నూ ఎత్తి అటకమీద పెడతారు" అంటుంది భార్య.

సుద్దని తిప్పడం అలవాటే గాని, అది వేళ్ళ మధ్య ఉందో లేదో కళ్ళతో చూసుకోవాల్సి రావడం మాత్రం ఈ ఆర్నెల్ల ముచ్చట. ఆ సంగతి భార్యకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

ఆయన డాక్టరేమీ కాదు. రేసు ట్రాక్ గోడకి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా టైర్లు బిగించే మనిషి. షెడ్డు ఆయన అక్క భర్తది. ట్రాక్ చుట్టి వచ్చిన బండి ఆగీ ఆగగానే ఈయన వంగి, టైరు మీద లోపలి అంచున ఒకసారి, మధ్యలో ఒకసారి, బయటి అంచున ఒకసారి కుడి అరచెయ్యి ఆనించి చూస్తాడు. ఎక్కడ ఎంత కాలిందో దాన్నిబట్టి ఏ చక్రానికి గాలి ఎంత పెంచాలో, ఎంత తీయాలో చెబుతాడు. పసిపిల్లల నుదురు తడిమి చూసినట్టు ఉంటుంది కాబట్టి జ్వరాల డాక్టరన్నారు. బావ ఒకప్పుడు వేడి కొలిచే సూది యంత్రం కొని తెచ్చాడు గాని, ఈయన చెయ్యి ముందు అది వెలవెలబోయి సొరుగులో పడుకుంది.

ఇవాళ్టి బండి పళ్ళ డాక్టరమ్మ కారు. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసి, నెలకో ఆదివారం ఇక్కడికొచ్చి బండి తోలుకుంటుంది. ఆ బండికి ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. అందుకని కంపెనీవాళ్ళే వెనక లావు టైర్లూ ముందు సన్నవీ వేసి పంపారు. రోడ్డు మీద అది భద్రమే. ట్రాక్ మీదికొచ్చేసరికి, తిరిగే పనీ ఆగే పనీ ముందువాటి నెత్తిన పడి, నాలుగు ఆదివారాలకే వాటి బయటి అంచులు అరిగిపోయేవి. వెనకవి మాత్రం పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతూ ఉండేవి. కొలతలు వేరు కాబట్టి వీటినక్కడా వాటినిక్కడా వేసే వీలు లేదు. ఆ సన్నటి ముందు టైర్లని విప్పినప్పుడల్లా జ్వరాల డాక్టరు వాటిని బావ ముందుకి దొర్లించేవాడు.

"నాలుగూ వెనకవాటంత వేద్దాం బావా" అనేవాడు.

"తోసేది వెనక చక్రాలురా. ముందు పట్టు పెరిగితే తోక జాడిస్తుంది. అప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది, నీకూ నాకూ" అని బావ కొట్టిపారేసేవాడు.

పోయిన ఏడాది నాలుగో మలుపు దగ్గర డాక్టరమ్మ స్టీరింగు తిప్పింది. బండి తిరగలేదు. ఎక్కుపెట్టిన బాణంలా తిన్నగా పోయి పాత టైర్లు పేర్చిన అడ్డుగోడకి గుద్దుకుంది. ఆమె భుజం దగ్గర ఎముక విరిగింది. నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని జ్వరాల డాక్టరు ఎన్ని రాత్రులు కుమిలిపోయాడో లెక్కలేదు. కట్టు విప్పిన వారానికే ఆమె షెడ్డుకి వచ్చింది. "డాక్టరు గారూ, మీరనే ఆ నాలుగూ ఒకటే సంగతి కానివ్వండి. నాకు తిరిగే బండి కావాలి" అంది.

"తోక జాడిస్తే బాధ్యత నీదే" అన్నాడు బావ, ఆయన వైపు తిరిగి.

సరేనన్నాడు. అన్నాక గాని తట్టలేదు అసలు చిక్కు. ముప్పై ఏళ్ళు బోల్టులు విప్పే గన్ను పట్టి పట్టి, ఆ అదురుకి కుడి చేతిలో స్పర్శ పోయింది. భార్య పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెని ఈయన ఒట్టి చేత్తో పట్టుకుని నిలబడితే ఆవిడ కెవ్వుమంది. అరచెయ్యి బొబ్బలెక్కింది గాని ఆయనకి తెలియనే లేదు. "మీ బావగారికి చెప్పెయ్యండి" అంటే, చెప్తాలే అంటూ నీళ్ళు నమిలాడు. ఆర్నెల్లుగా చెయ్యి ఆనించినట్టే ఆనించి, జ్ఞాపకంలోంచి జవాబు చెబుతూ నెట్టుకొస్తున్నాడు. వచ్చేవన్నీ తెలిసిన బండ్లు, వాటి జ్వరాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఈ నాలుగు చక్రాలూ అలా కాదు. వీటి జాతకం ఎవరికీ తెలియదు. పట్టుబట్టి తెచ్చుకున్న కొలతే ఆయన గుట్టు రట్టు చేసేలా ఉంది.

పది గంటలకి డాక్టరమ్మ మొదటి విడత తిరిగి వచ్చింది. శిరస్త్రాణం తీసేసరికి జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"తిరిగిందండీ! తిప్పడం ఆలస్యం, తిరిగింది. కాకపోతే మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు వెనక కాస్త ఊగింది. ఏమంటున్నాయో చూడండి" అంది.

ఆయన వంగాడు. వెనక ఎడమ టైరు మీద చెయ్యి ఆనించాడు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు. గోడ మీద పెట్టినా అంతే. రబ్బరు కమురు వాసన ముక్కుకి తగులుతోంది, చేతికి మాత్రం కబురు లేదు. బావ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఫర్వాలేదమ్మా, బానే ఉన్నాయి" అన్నాడు.

"అయితే ఈసారి నాలుగో మలుపులో పూర్తిగా తొక్కేస్తాను. మీరు బావున్నాయంటే ఇంక నాకు భయం లేదు" అని ఆమె మళ్ళీ శిరస్త్రాణం అందుకుంది.

ఆయన చటుక్కున లేచాడు. తలుపు పట్టుకుని, "దిగండమ్మా" అన్నాడు.

"ఏమైంది?"

"నేను చెప్పింది అబద్ధం. బావున్నాయో లేదో నాకు తెలియదు. ఈ చేతికి స్పర్శ పోయి ఆర్నెల్లయింది."

అనేశాక ఆయన అక్కడే, తన చిన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాడు, ఏమీ పడలేదు. డాక్టరమ్మ దిగి వచ్చి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తాళంచెవి మొనతో వేళ్ళ మీద ఒక్కొక్కచోటే నొక్కింది. "ఇక్కడ? ఇక్కడ?" ఆయన తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు.

"ఎడమ చెయ్యి బానే ఉందిగా?"

"ఉందమ్మా, కానీ దానికి చదువు రాలేదు. ఎక్కడ పెట్టినా కాలుతోందనే చెబుతుంది. టైర్లయితే అటువి ఇటు మార్చుకోవచ్చు గాని..." అని ఆయన ఎడమ చేతిని కుడి చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు.

బావ లోపలికి వెళ్ళి సొరుగు లాగి ఆ సూది యంత్రం తెచ్చాడు. బ్యాటరీ కారిపోయి, లోపలంతా పచ్చగా చిలుము పట్టింది.

"పదేళ్ళు జోకొట్టి పడుకోబెట్టావు. ఇప్పుడు లెమ్మంటే లేస్తుందట్రా?" అన్నాడు.

"నా చెయ్యుంది కదా, రోజూ చిగుళ్ళు తడిమే చెయ్యి. ఏం చూడాలో చెప్పండి" అంది డాక్టరమ్మ.

"అయితే తొందరగా కానివ్వండి, చల్లారిపోతాయి. ముందు లోపలి అంచు. అరచెయ్యి పూర్తిగా ఆనించి, మనసులో రెండు లెక్కపెట్టి, పక్కకి జరగండి."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. "లోపల వేడిగానే ఉంది, ఓర్చుకోవచ్చు. మధ్యలో... అబ్బా! చెయ్యి ఉంచలేకపోయాను. బయట మళ్ళీ లోపలిలాగే ఉంది."

"రెండోది?"

"అదీ అంతే. మధ్యే మండిపోతోంది."

"ముందువి?"

ఆమె లేచి అటు వెళ్ళింది. "ఇవి మూడుచోట్లా ఒకేలా ఉన్నాయండీ."

జ్వరాల డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చెప్పకపోయినా, విన్న ముక్కలన్నీ బుర్రలో వాటంతటవే చోటు చూసుకుని కూర్చున్నాయి. ముప్పై ఏళ్ళ చదువు ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి తెలిసి ఆయనకి ఒళ్ళంతా తేలికైంది.

"వెనక గాలి ఎక్కువైంది. టైరు పొట్ట ఉబ్బి మధ్యలోనే ఆనుతోంది, అంచులు నేలని పట్టుకోవట్లేదు. అందుకే తోక ఊగింది. తప్పు నాదేనమ్మా. ముందువి గట్టిగా పట్టుకునేసరికి వెనకవాటికీ పని పెరుగుతుందని ఆలోచించకుండా, అలవాటుకొద్దీ పాత లెక్కే పెట్టేశాను. వెనక రెండింటికీ మూడేసి పాయింట్లు గాలి తగ్గిద్దాం. మీరు కూడా మొదటి రెండు చుట్లూ నెమ్మదిగా వెళ్ళి చూసుకోండి."

గాలి తీసేటప్పుడు గేజి ఆమె చదివింది, ఆయన ఊఁ కొట్టాడు.

బండి వెళ్ళాక బావా బావమరుదులిద్దరూ కంచె దగ్గర నిలబడ్డారు.

"నాకు తెలుసు" అన్నాడు బావ. "ఏ బండి వచ్చినా రెండు తగ్గించు, రెండు తగ్గించు అంటున్నావు. రెండు నెలలుగా నువ్వు చెప్పాక నేను మళ్ళీ గేజి పెట్టి చూసుకుంటున్నాను."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? ఆ గన్ను నీ చేతికిచ్చింది నేనేగా." బావ కంచె తీగని గోరుతో గీకుతూ ఉండిపోయాడు. "ఇవాళ కూడా చెప్పకపోతే నేనే బండి ఆపేసేవాణ్ణి."

మూడో చుట్టులో డాక్టరమ్మ వేగం పెంచింది. నాలుగో మలుపు దగ్గరికొచ్చేసరికి జ్వరాల డాక్టరు కంచె మీదికి వంగాడు. ముక్కు తిరిగింది. నాలుగు టైర్లూ ఒకే గొంతుతో సన్నగా కూశాయి. తోక ఒక్క బెత్తెడు జరిగి, బుద్ధిగా సర్దుకుంది. బండి మలుపు దాటి తిన్నటి దారిలోకి పడి దూసుకుపోయింది. మరుసటి చుట్టూ అంతే, ఆ తర్వాతదీ అంతే.

"హమ్మయ్య" అన్నారు ఇద్దరూ ఒకేసారి. కూడబలుక్కున్నట్టు అనేసరికి ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. ఇన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.

"చెప్పేశాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. బావకి ముందే తెలుసట, ఆ సంగతి నాకే తెలియదు."

"పోనీలెండి, ఇప్పటికైనా నిద్రపోతారు. మీ గన్నుకీ మీకూ ఓ నమస్కారం. ఇంక ఆ పని మానేసి వచ్చెయ్యండి" అంది ఆవిడ, గుక్క తిప్పుకోకుండా.

నాలుగింటికి ఆఖరి పనికి కూర్చున్నాడు. గన్ను ముట్టుకోలేదు. ఎడమ చేత్తో పానా పట్టుకుని, బోల్టులు ఒక్కొక్కటే విప్పి, ముందు చక్రాలు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాడు. గంటన్నర పట్టింది. ఇన్నేళ్ళలో ఈ బండికి ఆయన ఆ పని చెయ్యగలగడం ఇదే మొదలు. డాక్టరమ్మ పక్కన కూర్చుని బోల్టులు అందిస్తూ, "వచ్చే నెల కూడా మీరుండాలి" అంది.

"చెయ్యి మీది, చదువు నాది. బండి దిగగానే ఏ అంచు ఎలా ఉందో ఫోన్లో చెప్పండి, చాలు. ఆ యంత్రానికి కొత్త బ్యాటరీ వెయ్యమని మా బావకీ చెప్పండి. నేను చెబితే వినడు."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. టిఫిన్ డబ్బా చేతి సంచీలో పెట్టుకున్నాడు. బావ గేటు దాకా వచ్చి, "ఒరేయ్, అక్క రేపు భోజనానికి రమ్మంది" అన్నాడు. రేపట్నుంచి షెడ్డుకి రావడం ఉండదన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఇంకా ఎండగానే ఉంది. జ్వరాల డాక్టరు చేతి సంచీని సగం దూరం కుడి భుజానా, సగం దూరం ఎడమ భుజానా వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

షెడ్డు కిటికీ గట్టు మీద ఆయన సుద్దముక్క ఉండిపోయింది, ఎటు తిప్పి చూసినా ఒకేలా అరిగి.