మీటరు మోగని చోటు

"తలుపేసుకోకు కొడుకా. లోపల నీకేమన్న అయితే నాకెట్ల తెలుస్తది?"

రాకేష్ పాత సర్క్యూట్ బోర్డును రెండు చేతులా పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

రత్నవ్వ వాకిట్లో మక్క కంకులు ముందేసుకుని కూర్చుంది. మస్కట్ నుంచి వచ్చినప్పటి నుంచీ కొడుకు నోట మాట లేదు. అడిగితే తలూపుతాడు, ఒక్కోసారి అదీ లేదు. అక్కడ వాడి గదిలోనే ఉండే వేల్పూర్ పిల్లవాడు ఒకరోజు తలుపేసుకుని, మళ్లీ తీయలేదట. ఆ తలుపు పగలగొట్టింది రాకేషే. ఈ సంగతి కూడా వాడు చెప్పలేదు, ఇంకెవరో చెప్పారు.

బోర్డు నర్సయ్యది. పసుపు మార్కెట్ దారిలో లారీలు తూచే కాంటా ఆయనదే. తండ్రి నాటి ఆ మిషన్ ఉన్నట్టుండి అంకెలు చూపడం మానేసింది. పొద్దున ఆయన దాని లోపలి బోర్డు తెచ్చి, "గిది నా పెండ్లి కంటె ముందటిది రత్నవ్వా. గిందులున్న ప్రాసెసర్ ఇప్పుడు యాడ దొరుకతలేదు. రిపేరు పని దెల్సిన నీ కొడుకు జేస్తె జేసినట్టు, లేకుంటె మా ఇంటామెకు రొట్టెల పెనమైతది" అన్నాడు.

రాకేష్ నవ్వలేదు. కానీ బోర్డును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. ఆ చూపు చూశాక రత్నవ్వ వద్దనలేకపోయింది.

లోపల వాడి రిపేరు మీటరు మోగింది. బీప్. బోర్డు మీద చిప్పు కాలి నుంచి ఇంకో చిప్పు కాలి దాకా రాగి గీత తెగకుండా ఉంటే మోగుతుందని నర్సయ్య చెప్పిపోయాడు. గీతలతో ఆమెకేం పని? మోగిందంటే మీటరు పట్టుకున్న చెయ్యి కదిలినట్టే. బీప్. ఒక కంకి ఒలిచింది. బీప్. ఇంకో కంకి.

ఆ తర్వాత మోగలేదు.

"రాకేషూ?"

హైవే మీద లారీ పోతోంది. ఆ మోతలో వినబడలేదేమోనని ఆగింది. లారీ పోయింది. మీటరు మోగలేదు. కరెంటు కొట్టిందా? బోర్డుకు కరెంటే పెట్టలేదే, మీటరుది బ్యాటరీయే కదా. అయితే మరి? ఆ 'మరి' దగ్గరికి రాగానే గదిలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

కొడుకును పిలుస్తూ ఆమె పెట్టిన కేకలకు పక్కింటి ఎస్తేరు తడిబట్టలు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే, గట్ల ఒర్రుతున్నవ్?"

"మీటరు మోగుతలేదక్కా. వాడు పలుకుతలేడు."

"తలుపు తొయ్యరాదు! లోపలి గొళ్లెం నువ్వే పీకిస్తివి గద, వాడొచ్చిన తెల్లారే!"

నిజమే. తోస్తే తెరుచుకుంటుంది. అందుకే తోయలేకపోతోంది. తోయనంతసేపూ కొడుకు లోపల కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

"నువ్వు తొయ్యక్కా."

"నేనా?" ఎస్తేరు రెండడుగులు వేసి ఆగిపోయింది. "నాతోని కాదే తల్లీ..." అంటూ కళ్లు మూసుకుని ప్రార్థన గొణగసాగింది.

రత్నవ్వ లోపలి గది తలుపుకు నుదురు ఆనించింది.

"కొడుకా, గాడ మస్కట్ల ఏమైందో చెప్పమంట లేను. ఎప్పటికీ అడుగ. ఒక్క మాట మాట్లాడు. నన్ను తిట్టు బిడ్డా, తిట్టన్న తిట్టు."

ఎస్తేరు పెదవులు ఆగిపోయాయి. తలుపు చెక్క మీద రత్నవ్వ ఊపిరి వేడిగా వెనక్కి తగులుతోంది.

లోపల కుర్చీ కిర్రుమంది.

"నిన్నెందుకు తిడుతనే?" గొంతు బొంగురుపోయి ఉంది. "మోగని గీత దొరికిందమ్మా. పొద్దటి సంది గదే వెతుకుతున్న. వెంట్రుక లెక్క తెగింది, ఊపిరి ఇడిస్తె భూతద్దం మసకైతున్నది, గందుకే పలుకలె. లోపలికి రా, జర లైటు పట్టు."